"ఇంకా రెడీ కాలేదు" అంటే ఎప్పటికి రెడీ అవుతాడు?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి 23 ఏళ్లు. ఆటిజం, మేధో వైకల్యం రెండూ ఉన్నాయి, మాటలు తక్కువ. నాలుగేళ్లుగా వృత్తి శిక్షణ కేంద్రానికి వెళ్తున్నాడు. అక్కడ కవర్లు అంటించడం, వస్తువులు రంగుల వారీగా వేరు చేయడం నేర్పుతున్నారు. ఉద్యోగం మాట ఎత్తినప్పుడల్లా "ఇంకా రెడీ కాలేదు" అంటున్నారు. ఈమధ్య ఎవరో సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ గురించి చెప్పారు. బయట మామూలు ఉద్యోగంలో పెడితే తట్టుకుంటాడా, ఇంకో రెండేళ్లు ఆగితే మంచిదా అన్నది మీ ప్రశ్న.

ఆగొద్దు. పదిహేడేళ్లుగా జాబ్ కోచ్‌గా, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు ఉద్యోగం చేసేచోటే పని నేర్పే మనిషిగా పనిచేస్తున్నాను. ఈ "రెడీ" అన్న మాట దగ్గరే చిక్కుకుని ఇరవైల వయసంతా శిక్షణ గదిలో గడిపేసిన వాళ్లను చాలామందిని చూశాను. కానీ మీ భయానికీ కారణాలున్నాయి, వాటిని తేలిగ్గా కొట్టిపారేయను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ రెడీ సంగతి. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న చాలామందికి ఒకచోట నేర్చుకున్న పనిని ఇంకోచోట వాడుకోవడం కష్టంగా ఉంటుంది. కేంద్రంలో బల్ల చక్కగా తుడిచే అబ్బాయిని వేరే బిల్డింగులో వేరే బల్ల ముందు నిలబెట్టి, చేతికి వేరే రంగు గుడ్డ ఇస్తే దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. అంటే కేంద్రంలో నాలుగేళ్లు కవర్లు అంటించిన వాడికి ఆ కేంద్రంలో, ఆ టీచర్ పక్కన, ఆ కవర్లు అంటించడం వస్తుంది. గోదాములో లేబుల్ అంటించడం, అక్కడి చప్పుడుకు అలవాటు పడటం, సూపర్‌వైజర్ ముఖం చూసి విషయం అర్థం చేసుకోవడం, బ్రేక్ అయిపోగానే లేచి పనిలోకి వెళ్లడం ఇవేవీ అక్కడ రావు. అవి రాలేదు కాబట్టి రెడీ కాలేదంటారు, రెడీ కాలేదు కాబట్టి అక్కడే ఉంచుతారు. గట్టున నిలబెట్టి ఈత నేర్పడం లాంటిదే ఇది. తప్పు మీ అబ్బాయిది కాదు, పద్ధతిది.

సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ ఈ వరసను తిరగేస్తుంది. ముందు ఉద్యోగం, తర్వాత ఆ ఉద్యోగంలోనే శిక్షణ. ఇది కొత్త ప్రయోగం కాదు. 1970లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ గోల్డ్ అనే ఆయన 15 భాగాలున్న సైకిల్ బ్రేకును బిగించడం షెల్టర్డ్ వర్క్‌షాపుల్లో (మేధో వైకల్యం ఉన్నవాళ్లనే విడిగా ఉంచి పని చేయించే చోట్లలో) ఉన్న వారికి నేర్పించి చూపించారు. వీళ్లకు ఇంత క్లిష్టమైన పని రాదని అప్పటిదాకా అందరి నమ్మకం. ఆయన చేసిన వాటిలో ఒకటి చాలా చిన్న విషయం. ఏ వైపు పైకి ఉండాలో తెలిసేలా ప్రతి భాగానికీ ఒక పక్క రంగు వేశారు. నేర్చుకునేవాడికి రాకపోతే నేర్పేవాడు పద్ధతి మార్చాలి అన్నది ఆయన పట్టుదల. నా వృత్తి మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది.

తర్వాత 1980లలో వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో పాల్ వేమన్ బృందం ఇంకో అడుగు వేసి, మేధో వైకల్యం ఉన్నవారిని నేరుగా మామూలు ఉద్యోగాల్లో పెట్టి, నేర్పే మనిషిని వాళ్ల వెంటే పంపింది. 1984లో, మళ్లీ 1986లో అమెరికా చట్టాల్లోకి ఈ పద్ధతి పేరుతో సహా ఎక్కింది. ఆ నిర్వచనంలోని మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి: జీతం వచ్చే నిజమైన పని, వైకల్యం లేనివాళ్లతో కలిసి పనిచేసే చోటు, ఆగిపోకుండా కొనసాగే సాయం. ఈ మూడోదే అసలు తేడా. ఉద్యోగం ఇప్పించి చేతులు దులుపుకుంటే అది ప్లేస్‌మెంట్ మాత్రమే. సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్‌లో కోచ్ మెల్లగా వెనక్కి తగ్గుతాడు కానీ మాయం కాడు.

ఇప్పుడు మీ అబ్బాయి విషయంలో ఇది ఎలా సాగాలో చెప్తాను.

మొదట అబ్బాయిని తెలుసుకోవాలి. ఈ పనిని మేం డిస్కవరీ అంటాం. పరీక్షలు పెట్టి మార్కులు వేయడం ఇందులో ఉండదు. ఇంట్లో, వీధిలో, అతనికి నచ్చిన చోట్లలో కొన్ని వారాల పాటు అతనితో గడపాలి. మాటలు తక్కువ కాబట్టి అతని ఇష్టాలు తెలియవని రాశారు. నిజానికి మీకు చాలా తెలుసు, వాటిని ఉద్యోగం కోణంలో ఎప్పుడూ చూసి ఉండరు, అంతే. నాతో పనిచేసిన ఒకమ్మాయి ఇంట్లో ఏ వస్తువైనా కాస్త పక్కకు జరిగితే వెంటనే వెళ్లి సరిచేసేది. ఇంట్లోవాళ్లకు అది విసుగు. "మానిపించడం ఎలా?" అని నన్ను అడిగారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పెద్ద మందుల దుకాణంలో అరలు సర్దుతుంది, గడువు దగ్గరపడిన పెట్టెలు ముందుకు తెస్తుంది. తేదీలు చదవడం నేర్పడానికి మూడు వారాలు పట్టింది. వరుస తప్పిన పెట్టెను పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

అలాగే ఏది పడదో కూడా తెలియాలి. ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, ఎవరైనా వెనక నుంచి తాకితే ఏం చేస్తాడు, రోజులో ఏ పూట చురుగ్గా ఉంటాడు, ఎంతసేపు కూర్చోగలడు, ఎంతసేపు నిలబడగలడు. ఇలాంటి వివరాలు ఉద్యోగాన్ని నిలబెడతాయి. అతను పని చేయలేక కాకుండా, తల మీద తిరిగే ఫ్యాన్ చప్పుడు భరించలేక ఉద్యోగం పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

రెండోది, పని వెతకడం. పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెడితే మీ అబ్బాయిలాంటి వాళ్లకు సాధారణంగా రాదు. ఎందుకంటే ఒక ఉద్యోగం అంటే పది పనుల మూట. అందులో ఆరు అతను బాగా చేయగలడు, నాలుగు చేయలేడు. కాబట్టి మేం యజమాని దగ్గరకు వెళ్లి అక్కడ రోజూ ఏం జరుగుతుందో చూస్తాం. ఎక్కువ జీతం తీసుకునే మనిషి తన అసలు పని వదిలి కాగితాలు స్కాన్ చేస్తుంటాడు. నర్సులు రోగుల్ని వదిలి ట్రాలీలు నింపుకుంటుంటారు. అలాంటి ముక్కల్ని ఏరి ఒకచోట చేర్చి కొత్త ఉద్యోగంగా తయారు చేయడాన్ని జాబ్ కార్వింగ్ అంటారు. దయ చూపమని అడగకూడదు అన్నది నా గట్టి అభిప్రాయం. దయతో ఇచ్చిన ఉద్యోగం మేనేజర్ మారిన రోజే పోతుంది. 1996లో అమెరికాలోని సిన్సినాటి చిల్డ్రన్స్ ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్, అంటే వైకల్యం ఉన్న యువతకు నిజమైన పనిచోటే పని నేర్పే కార్యక్రమం కూడా ఇలాంటి అవసరం నుంచే పుట్టింది. అత్యవసర విభాగంలో సామాన్లు నింపే పనిలో మనుషులు నిలవడం లేదు. ఆ పనిని శ్రద్ధగా చేసేవాళ్లను వెతుకుతూ అక్కడి అధికారిణి ఎరిన్ రీల్ ఈ దారి పట్టారు. తర్వాత అది చాలా దేశాలకు పాకింది.

ఇక మూడోది, కోచింగ్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయట చాలామంది కోచ్ అంటే పక్కన నిలబడి "అది చెయ్, ఇది చెయ్" అనే మనిషి అనుకుంటారు.

మొదటి రోజుల్లో కోచ్ ఆ పని తనే చేసి నేర్చుకోవాలి. తర్వాత దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. దీన్నే టాస్క్ ఎనాలిసిస్ అంటాం. ఒక ట్రాలీ నింపడాన్ని నేను ఒకసారి 16 మెట్లుగా రాసుకున్నాను: ట్రాలీని గోడకు ఆనించు, చక్రానికి బ్రేకు వెయ్యి, పై అర చూడు, ఖాళీగా ఉన్న డబ్బా తియ్యి... ఇలా. రోజూ ఏ మెట్టు తనంతట తాను చేశాడు, ఏ మెట్టుకు సాయం కావాల్సి వచ్చింది అని గుర్తు పెట్టాలి. వారం తర్వాత ఆ కాగితం చూస్తే "వాడికి పని రావడం లేదు" అన్న మాట దానంతట అదే తప్పని తేలుతుంది. 16లో 14 వచ్చాయి, ఏడో మెట్టు దగ్గరా పన్నెండో మెట్టు దగ్గరా ఆగుతున్నాడు. ఏడోది, ఎంత నింపాలో తెలియడం లేదు. డబ్బా లోపల ఎర్ర టేపు గీత అంటించాం, "గీత దాకా" అని చూపించాం, రెండు రోజుల్లో అయిపోయింది. మనిషిని మార్చడానికి నెలలు పట్టే చోట వస్తువును మార్చడానికి ఒక టేపు ముక్క చాలు.

సాయం చేయడంలోనూ ఒక మెళకువ ఉంది. చేత్తో తాకి చూపించడం, వేలితో చూపించడం, బొమ్మ చూపించడం, నోటితో చెప్పడం అని సాయం రకరకాలు. వీటిలో నోటితో చెప్పడమే తేలికైన సాయమని కొత్త కోచ్‌లు అనుకుంటారు. నా అనుభవంలో మానిపించడానికి అన్నిటికంటే కష్టమైనది అదే. ఒకమ్మాయికి ప్రతి ట్రే అయ్యాక "తర్వాత?" అనేవాళ్లం. కొన్ని వారాలకు ఆ మాట ఆమె పనిలో ఒక మెట్టు అయిపోయింది. ఎవరూ అనకపోతే ట్రే ముందు అలాగే నిలబడేది. పని పూర్తిగా వచ్చు, కానీ మా గొంతు వినపడాలి. దాన్ని తీసేయడానికి రెండు నెలలు పట్టింది. అందుకే ఇప్పుడు నేను మొదటి నుంచే బొమ్మల వరసతో మొదలుపెడతాను, వెనక నిలబడతాను, నోరు మూసుకుంటాను. మీ అబ్బాయికి కోచ్ దొరికినప్పుడు ఒకరోజు గమనించండి. కోచ్ అదే పనిగా మాట్లాడుతుంటే ఆందోళన పడాల్సిందే.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్తాను, ఎందుకంటే మీ అబ్బాయికి అది జరగకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక యువకుడికి ఒక ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది. ఐదు వారాల్లో పని వచ్చేసింది. అయినా అప్పుడప్పుడు ఒక తప్పు చేస్తున్నాడని నేను ఎనిమిది నెలలు పక్కనే ఉన్నాను. అక్కడి వాళ్లందరూ నాతో మంచిగా ఉండేవారు. "ఈరోజు మూడో అంతస్తు ముందు అని చెప్పండి" అని నాకు చెప్పేవారు, నేను అతనికి చెప్పేవాడిని. ఒకసారి జ్వరం వచ్చి వారం రోజులు వెళ్లలేదు. మొదటి రోజు అతను తలుపు దగ్గర నా కోసం గంటసేపు నిలబడ్డాడట. అక్కడ ఎవరికీ అతనితో ఎలా మాట్లాడాలో తెలియలేదు, ఎందుకంటే వాళ్లెప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో నేనున్నాను. రెండు నెలల్లో ఆ ఉద్యోగం పోయింది. అతనికి పని రాక కాదు, పక్కవాళ్లకూ అతనికీ మధ్య నేను గోడలా నిలబడ్డాను కాబట్టి పోయింది. ఆ విషయం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇలాంటి అనుభవాలు చాలామందికి ఎదురయ్యాకే నేచురల్ సపోర్ట్స్, అంటే పనిచోట మామూలుగా దొరికే సాయం అన్న ఆలోచన బలపడింది. 1988లో జాన్ నిస్బెట్, డేవిడ్ హాగ్నర్ అనే ఇద్దరు దీని గురించి రాశారు. ఏ కొత్త ఉద్యోగికైనా పక్క సీటు మనిషి నేర్పుతాడు, సూపర్‌వైజర్ సరిదిద్దుతాడు. వైకల్యం ఉన్న మనిషికి మాత్రం ఆ మామూలు సాయాన్ని పక్కకు నెట్టి కోచ్‌ను ఎందుకు నిలబెట్టాలి? కాబట్టి ఇప్పుడు నేను వీలైనంత వరకు పక్క ఉద్యోగే నేర్పేలా చూస్తాను. అతనికి ఎలా చూపించాలో నేను ఆ ఉద్యోగికి నేర్పుతాను. ఎవరైనా నా దగ్గరకు వచ్చి అతని గురించి అడిగితే "అతన్నే అడగండి, కాస్త ఆగండి, జవాబు చెప్తాడు" అంటాను. ఆ ఆగడం వాళ్లకు మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

కోచ్ తగ్గడం కూడా మొదటి రోజు నుంచే ప్లాన్‌లో ఉండాలి. మొదట పూర్తి షిఫ్టు, తర్వాత మొదటి గంట, చివరి గంట, తర్వాత వారానికి రెండు రోజులు, తర్వాత నెలకు రెండుసార్లు. ఎప్పుడు తగ్గాలో ఆ మెట్ల కాగితం చెప్పాలి, కోచ్ భయమో మీ భయమో చెప్పకూడదు. అయితే పూర్తిగా సున్నాకు తీసుకెళ్లమని అడిగేవాళ్లను నమ్మకండి. మేనేజర్ మారతాడు, కొత్త మెషిన్ వస్తుంది, స్నేహంగా ఉండే ఉద్యోగి వేరే చోటికి వెళ్లిపోతాడు. అన్నీ బాగున్నాయనుకున్న రెండో ఏడాదిలో చిన్న మార్పుతో పెద్ద ఇబ్బంది వస్తుంది. అప్పుడు కోచ్ రెండు వారాలు తిరిగి వెళ్లగలిగితే ఉద్యోగం నిలబడుతుంది.

ఇప్పుడు మీ భయాలు.

ఎగతాళి చేస్తారేమో అన్నారు. చేయొచ్చు. అలాంటిది నేను చూశాను, లేదని చెప్పను. కానీ అతన్ని రోజూ చూసే, అతని పేరు తెలిసిన ఇద్దరు సహోద్యోగులు ఉంటే అది చాలావరకు అక్కడే ఆగుతుంది. ఏదైనా జరిగితే ఎలా చెప్పాలో ముందే నేర్పాలి. మాటలు తక్కువైనవాళ్లకు ఫోన్‌లో మూడు బొమ్మలు చాలు: బాగుంది, బాగాలేదు, సాయం కావాలి. రోజూ సాయంత్రం అవి చూపించి అడగండి. బాగాలేదన్న బొమ్మను వరసగా రెండు రోజులు ఎంచుకుంటే కోచ్‌కు చెప్పండి. నేరుగా ఆఫీసుకు ఫోన్ చేయకండి. అమ్మ ఫోన్ చేసిన రోజు నుంచి అక్కడివాళ్లు అతన్ని పిల్లాడిలా చూడటం మొదలుపెడతారు.

దారి తప్పుతాడేమో అన్నది రెండో భయం. ప్రయాణాన్ని కూడా పనిలాగే మెట్లుగా విడగొట్టి నేర్పుతారు. మొదట పక్కన కూర్చుని, తర్వాత రెండు సీట్ల వెనక, తర్వాత దిగే స్టాప్ దగ్గర ఎదురుచూస్తూ. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పిపోతే ఏం చేయాలో కావాలనే సాధన చేయించాలి. ప్రయాణం రాదు కాబట్టి ఉద్యోగం వద్దని మాత్రం అనుకోకండి. నేర్చుకునేదాకా తీసుకెళ్లి దింపే ఏర్పాటు చూసుకోవచ్చు.

కేంద్రంలో అయితే కనీసం భద్రంగా ఉన్నాడు అన్నారు. ఈ మాట దగ్గర నేను మీతో ఒప్పుకోలేను. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 27వ అధికరణ అందరికీ తెరిచి ఉన్న ఉద్యోగ విపణిలో పనిచేసే హక్కు గురించి మాట్లాడుతుంది. 2022లో అదే ఒప్పందపు కమిటీ, షెల్టర్డ్ వర్క్‌షాపుల్లో పని ఇస్తే ఈ హక్కు తీరినట్టు కాదని స్పష్టంగా రాసింది. హక్కు మాట పక్కన పెట్టినా, 23 ఏళ్ల మనిషికి నాలుగేళ్లుగా కొత్త మనిషి పరిచయం కాకపోవడాన్ని భద్రత అనలేం.

ఒకవేళ మానేస్తే? మానేస్తాడేమో, మానేయనివ్వండి. మొదటి ఉద్యోగంలోనే జీవితాంతం ఉండాలని వైకల్యం లేని పిల్లల్ని ఎవరూ అడగరు. పోయిన ఉద్యోగం నుంచి అతనికి ఏం నచ్చదో తెలుస్తుంది, అది తర్వాతి ఉద్యోగానికి పనికొస్తుంది.

జీతం గురించి ఒక్క మాట. అదే పనికి పక్కవాళ్లకు ఇచ్చేదే అతనికీ ఇవ్వాలి. నెమ్మదిగా చేస్తాడు కాబట్టి తక్కువ అంటే, పని సరిగ్గా కుదరలేదని అర్థం. అతని వేగానికి తగిన పని వెతకాలి, జీతం కోయకూడదు. వైకల్యం పేరుతో వచ్చే సాయం ఏదైనా ఉంటే, జీతం మొదలైతే దాని మీద ప్రభావం ఉంటుందేమో ఉద్యోగంలో చేరకముందే కనుక్కోండి. తర్వాత తెలిస్తే చాలా కుటుంబాలు టెన్షన్‌తో ఉద్యోగమే మానిపించేస్తాయి. మొదటి జీతంలో కొంతైనా తన ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టుకోనివ్వండి. పనికీ డబ్బుకూ ఉన్న సంబంధం మాటలతో చెప్తే అర్థం కాదు, కొనుక్కున్నప్పుడు అర్థమవుతుంది.

మీకు ఈ పద్ధతి గురించి చెప్పిన సంస్థను కలిసినప్పుడు ఈ ప్రశ్నలు వేయండి. పోయిన ఏడాది మీ ద్వారా ఎంతమంది మామూలు ఉద్యోగాల్లో చేరారు, వాళ్లలో ఇప్పటికీ ఎంతమంది ఉన్నారు? వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారు? ఒక్కో కోచ్ చేతిలో ఎంతమంది? కోచ్ తగ్గాక ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు? మా అబ్బాయిని తెలుసుకోవడానికి ఎన్ని రోజులు కేటాయిస్తారు? ఆఖరి ప్రశ్నకు "ఒక పరీక్ష పెడతాం, మధ్యాహ్నానికి అయిపోతుంది" అంటే వేరేవాళ్లను వెతకండి. "ముందు ఆరు నెలలు మా దగ్గర ట్రెయినింగ్" అన్నా అంతే. మీరు తప్పించుకోవాలనుకుంటున్న గది అదే, బోర్డు మాత్రం వేరు.

ఆ మీటింగ్‌కు అబ్బాయిని తీసుకెళ్లండి. అతని గురించి అతని ముందు మాట్లాడేటప్పుడు అతని వైపు చూసి మాట్లాడేవాళ్లెవరో గమనించండి.

వెళ్లేలోపు రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరూ చెప్పకుండా అతనంతట అతను చేసిన పని, ఎంతసేపు చేశాడు, ఎక్కడ చేశాడు, పక్కన ఎవరున్నారు, ఏమైతే ఆపేశాడు. రోజుకు మూడు నాలుగు లైన్లు చాలు. సామర్థ్యం, లోపం లాంటి మాటలు వద్దు, కళ్లతో చూసింది రాయండి. అది ఇక్కడ పెడితే నేను చదివి, ఎలాంటి చోట్ల అడగొచ్చో నాకు తోచింది చెప్తాను.